సామాన్ల గది

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర
మా సామాన్ల గది.
తాళం లేని పెట్టె తీసుకోం.
తినేవి ఉంటే తీసుకోం అని బోర్డుంది గానీ
తిరుపతి సంచి అడుగున నెయ్యి మరకని
ఏ రూలు ఆపగలదు?

పదకొండేళ్ళుగా ఈ కిటికీ వెనక కూర్చుని
రాష్ట్రమంతా చూశాను.
చూశానంటే, ఎత్తాను.
అరకు సంచి పక్కన పెట్టినవన్నీ
తెల్లారేసరికి కాఫీ వాసనేస్తాయి.
విశాఖ పెట్టెల చక్రాలు
అరలోకి తోస్తుంటే కరకరా ఇసుక నములుతాయి.
గండికోట కుర్రాళ్ళ బ్యాగులు తుడిస్తే
గుడ్డ ఎర్రబడుతుంది.
పాపికొండల వాళ్ళవి ఎప్పుడూ తడి.
లేపాక్షి వాళ్ళు మాత్రం మాటలు మోసుకొస్తారు,
స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగామని
రసీదు రాసేలోపు మూడుసార్లు చెప్తారు.
కొల్లేరు ఫోటోలాయన మూడుకాళ్ళ స్టాండుకి
కొంగ ఈకొకటి అంటుకునుంది.
దాన్ని రిజిస్టర్లో ఎక్కించాలా వద్దా అని
మా దానియేలు ఒక పూటంతా వాదించాడు.

అమరావతి నుంచి బరువైనదేదీ రాదు.
అక్కడి రాతి పలకల్లో కొన్ని
ఎప్పుడో లండన్ వెళ్ళిపోయాయి.
రసీదు ఎవరి దగ్గరుందో తెలీదు.
మా గదిలోనైతే నెల దాటితే ఊరుకోం.

మొన్న శనివారం చంద్రపూర్ పెద్దాయన,
పేరు విఠోబా చింతావార్,
పెట్టె ఇస్తూ అడిగాడు:
"ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు వేరు చేసినానమ్మా.
పిన్‌కోడు చెప్పు, ఊరు చెప్తా.
ఒక్క ఊరూ చూడలే.
రైలుకి నాలుగున్నర గంటలుంది, ఏం చూడాలె?"

వాడిన రసీదు వెనక రాసిచ్చాను.
ఉండవల్లి గుహలో రాతి మీద పడుకున్నాయన,
రైలు తప్పినా కంగారుపడని పాసింజరులా ఉంటాడు.
మంగళగిరిలో పానకం,
సగం తాగి సగం తిరిగిచ్చే స్వామి,
మా డిపార్ట్‌మెంట్ దేవుడు.
కొండపల్లిలో ఏనుగుని కాదు
అంబారీలో మనిషి ముఖం చూడండి,
ఎవరో పిలిస్తే తిరగబోతున్నట్టుంటాడు.
అమ్మవారి కొండ దగ్గర ఈ పూట రద్దీ,
కింద నుంచి పెట్టిన దణ్ణాన్నీ ఆవిడ లెక్కలో వేసుకుంటుంది.
చివర కాస్త జాగా మిగిలితే
బ్యారేజీ, అని రాశాను. సాయంత్రం. నడిచి.

ఆయన పైవేవీ చూడలేదు.
ఏడింటికి వచ్చి కిటికీ చెక్క మీద చెయ్యానించి
"అరవై ఎనిమిది" అన్నాడు.
ఏంటండీ?
"గేట్లు. లెక్క పెట్టిన."
డెబ్బై బాబాయిగారూ, చిన్నప్పుడు బళ్ళో చెప్పారు.
"నువ్వు లెక్క పెట్టినావా?"

వెనక దానియేలు దగ్గాడు.
పెట్టె తీసిచ్చి సంతకం పెట్టించుకున్నాను.
ఎంత తేలికో ఆ పెట్టె,
ఒక జత బట్టలు, ఒక దువ్వెన కదిలిన చప్పుడు.

ఆదివారం డ్యూటీ దిగి
సీతానగరం ఆటో ఎక్కలేదు.
రోజూ దాటే బ్యారేజీయే,
తొమ్మండుగురి మధ్య ముఖానికి చున్నీ చుట్టుకుని
చిల్లర లెక్కపెట్టుకుంటూ దాటేది.
ఇటు నిండుగా ఆగిన కృష్ణ.
అటు ఇసుక మేటలు, ఆరేసిన వలలు,
నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి
ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్న మనిషి.
ఒకటి. రెండు.
గేటు గేటుకీ నీటి చప్పుడు మారుతుందని
నాకెవరూ చెప్పలేదు.

ముప్పై ఒకటి దగ్గర మొక్కజొన్న పొత్తులామె
"నాంచారీ, ఆటో దొరకలేదా?" అంది.
లేదక్కా, ఊరు చూడ్డానికొచ్చా.
పడీ పడీ నవ్వి
నిమ్మచెక్క రుద్దిన పొత్తు చేతిలో పెట్టింది.
డబ్బులు తీసుకోలేదు.
కబుర్లలో పడి
లెక్క ఎక్కడాపానో మర్చిపోయాను.

పొత్తు తింటూ
మళ్ళీ మొదటి గేటు దగ్గరికి నడిచాను.