కాకిలెక్క

మా డిసెంబరు లెక్కని జులైలో వేశారట,
ఎక్కడో ఏసీ గదిలో, చల్లటి కాఫీ చప్పరిస్తూ.
"పోయినేటి మీద నాలుగు శాతం ఎక్కువ" అని రాసి
కింద ఓ గీత గీసి భోజనానికి లేచారట.
పోయినేడు తుఫానుకి తొమ్మిది రోజులు రోడ్లు మూసేసిన సంగతి
ఆ గీతకింద పడి నలిగిపోయింది.

ఇది డులూత్. సముద్రమంత సరస్సు పక్కన ఊరు.
నవంబరు రాకముందే గాలి పళ్ళు నూరుతుంది.
నేను రెండో బెల్టు దగ్గర నిలబడతాను.
పదకొండేళ్ళుగా డ్యూటీకి
ముందు నా ఎడమ మోకాలి నొప్పి వస్తుంది, వెనక నేను.

పదో తారీఖుకి గోదాము గొంతుదాకా నిండింది.
పదమూడుకి ట్రైలర్లు యార్డులో బారులు తీరాయి,
విప్పే చేతుల్లేక, మంచు కప్పుకుని.
ఒక్కో ట్రైలరు మీద ఒక్కో కాకి.
వెర్లిన్ హాగెన్ ట్రక్కు దిగి, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు:
ముప్పై ఎనిమిది.
ఆఫీసు కాగితంలో పద్నాలుగు.
ఆ వారమంతా మేం కాకుల్నే నమ్మాం.

నలభైమంది సాయానికి వస్తారన్నారు.
పదకొండు మంది వచ్చారు.
వాళ్ళకి స్కానర్లు లేవు, మెరిసే కోట్లు లేవు.
కోటు లేనిదే పెట్టె ముట్టకూడదని రూలు.
రూలు మాత్రం టైముకే వచ్చింది.
ఐలీ కోస్కెలా, అరవై ఏడేళ్ళు, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి,
పళ్ళ డాక్టరు బాకీ తీర్చుకుందామని చేరింది.
మూడు రోజులు క్యాంటీన్లో కూర్చోబెట్టి
బరువు ఎలా ఎత్తాలో వీడియో చూపించారు.
అద్దంలోంచి మేం ఎత్తడం కూడా చూసింది.
నాలుగో రోజు అల్లిక సంచీ తెచ్చుకుంది.
ఐదో రోజు రాలేదు.

అద్దె వ్యాన్లు ఎండల ఊరి నుంచి దిగాయి,
మంచు టైర్లు లేకుండా, పెళ్ళికొచ్చినట్టు నున్నగా.
ఒకటి కొండవీధి ఎక్కబోయి
వెనక్కి జారుతూ జారుతూ
చర్చి గుమ్మం ముందు ఆగింది.
లోపల రెండొందల పెట్టెలు.
డ్రైవరు కుర్రాడు దిగి నిజంగానే దణ్ణం పెట్టాడు.

రాత్రిళ్ళు మూడో గుట్ట అడుగున
ఏదో పెట్టెలో ఆడబొమ్మ పాడేది,
మీద బరువు పడ్డప్పుడల్లా అదే పల్లవి.
మొదట్లో నవ్వుకున్నాం.
ఇరవై రెండుకి దాని బ్యాటరీ నీరసించి
గొంతు ముసలాయన గొంతైంది.
తవ్వి తీద్దామా అన్నాను.
ఏ పెట్టెలో ఉందని, అన్నాడు వెర్లిన్.
నిజమే. అన్ని పెట్టెలూ ఒకే రంగు.

ఇరవై మూడున హెడ్డాఫీసు నుంచి మాకు పిజ్జాలొచ్చాయి,
"మీ శ్రమకు కృతజ్ఞతలు" అని చీటీతో.
ఇరవై నిమిషాల్లో తెచ్చాడు కుర్రాడు, వేడివేడిగా.
వాడు వేరే కంపెనీ.
వాణ్ణి కాసేపు అందరం ఆరాధనగా చూశాం.

పండుగ రోజున ఫోన్లు మోగలేదు.
అదే ఎక్కువ భయం వేసింది.

జనవరి మూడున ఆఖరి ట్రైలరు తలుపు
గడ్డకట్టి రాకపోతే గడ్డపారతో లాగాం.
ముందు వరసలోనే ఉన్నాయి:
నలభై స్కానర్లు, నలభై మెరిసే కోట్లు,
మడత విప్పనివి, డులూత్ డిపో అడ్రసుతో.
మా సరుకు మాకే ఇరవై ఒక్క రోజులు ఆలస్యం.
ఎవరూ ఏమీ అనలేదు.
నేను సంతకం పెట్టి దించుకున్నాను.
చిన్న సైజు కోటొకటి తీసి పక్కన పెట్టాను,
ఐలీ ఇల్లెక్కడో తెలియకపోయినా.

ఫిబ్రవరిలో కొత్త కాగితం వచ్చింది.
"పండుగలోపు ఈ డిపో చేరవేసిన పెట్టెలు అంచనా కంటే తక్కువ.
కనుక వచ్చే ఏడాది మనుషుల్ని
మూడు శాతం తగ్గించవచ్చు."
వెర్లిన్ రెండుసార్లు చదివాడు, పెదాలు కదుపుతూ.
నాలుగు మడతలు పెట్టి
తన ట్రక్కు తలుపు సందులో దూర్చాడు,
గాలి కొట్టకుండా.