రెండో కత్తి

చిలోయే దీవుల్లో జూలై అంటే
గొడుగుకు కూడా విసుగొచ్చే చలివాన.
జనాభా లెక్కల కాగితాలు పొట్టకు కట్టుకుని
పడవ దిగాను.
ఆ చిన్న దీవిలో ఇంకొక్క ఇల్లే మిగిలింది:
ఎదెల్మీరా కార్కామో, డెబ్బై ఒకటి, గొర్రెలు పదకొండు.

రేవులో ముందే చెప్పారు ఆమె గురించి.
ముంగి, అన్నాడు పడవవాడు.
పొగరు, అంది కొట్టు నడిపే నోల్ఫా.
పాపం ఏకాకి, అంది నర్సు,
ఆ పాపం మీద కాస్త బరువు వేసి.
ఫాదర్ మాత్రం తపస్విని అన్నాడు,
పదేళ్లుగా ఆమె చర్చి గడప తొక్కలేదన్న సంగతి దాటేసి.

ఒక్క మనిషికి ఇన్ని మాటలా!
నా ఫారంలో గడి ఒకటే,
అదీ బొటనవేలి గోరంత:
ఒంటరిగా ఉండటానికి కారణం.

అడిగాను.
ఆమె బంగాళాదుంప చెక్కు తీస్తోంది, ఊదారంగుది,
లోపల కూడా ఊదానే.
"ఒంటరా?" అంది. మాటను నాలుక మీద తిప్పి చూసింది,
ఉప్పు సరిపోయిందో లేదో అన్నట్టు.
"మా ఆయన పోయిన ఏడు ఒంటరినే.
కుక్క మొరిగితే చాలు, లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని.
ఇప్పుడు కుక్క మొరిగితే
కుక్కను చూస్తాను."

ఇంకేం చెప్పలేదు.
నేనూ రాయలేదు.

మా ఇంట్లో తొమ్మిదిమందిమి ఉంటాం.
స్నానాల గది గడియ విరిగి రెండేళ్లు.
నాకంటూ ఉన్న నిశ్శబ్దమంతా
ఊరి బస్సులో కళ్లు మూసుకున్నంత సేపే.
ఎవరికీ చెప్పని ఈ ఆకలిని ఏమంటారో,
ఏ కొట్టులో అడిగితే దొరుకుతుందో తెలియదు.

పొగమంచు పట్టింది, పడవ ఇప్పట్లో కదలదన్నాను.
అబద్ధం. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది పడవ,
నడుముకు పసుపు గీతతో సహా.
ఆమె కూడా అటు చూసింది.
చూసి, సొరుగు లాగి
రెండో కత్తి నా ముందు పెట్టింది.

చెక్కులు తీశాం.
పొయ్యి మీద కెటిల్ ఏదో గొణిగింది, ఎవరం జవాబివ్వలేదు.
బయట గొర్రె ఒకటి దగ్గింది.

పడవవాడు మూడోసారి ఈల వేశాక లేచాను.
గడప దాకా రాలేదామె.
"తలుపు దగ్గరగా వెయ్యి, జల్లు కొడుతుంది" అంది, అంతే.

పడవలో, తడిసిన కాగితం మీద
ఏకాంతం అని రాయబోయాను.
ఏకాం దగ్గరే అంచు వచ్చేసింది.
కొట్టేసి వేళ్లు వాసన చూసుకున్నాను:
మట్టి.

"ఆ ఇంట్లో ఎంతమందట?" ఇంజను మీదుగా అరిచాడు పడవవాడు.
ఒక్కరే, అన్నాను.
అదీ సగం అబద్ధమే.