చెట్లు లేని దీవిలో

రోనా,
కిర్క్‌వాల్ లాయరు అన్నీ రాసుకున్నాడు.
ఇల్లు, పడవలో సగం వాటా, పదకొండు గొర్రెలు,
మీ ముత్తవ్వ అద్దాల బీరువా.
ఇంకేమన్నా ఉందా మిస్ ఇజ్బిస్టర్ అంటే
ఒక చెట్టుంది అన్నాను.
పాపం, కిటికీలోంచి చూశాడు.
ఓర్క్నీలో చెట్టెక్కడిది,
గాలి నిలబడనిస్తేగా!

కంప్యూటర్లో బాబూ, అన్నాను.
నాలుగువేల మూడువందల పన్నెండు మంది.
ధర ఎంతుంటుందని అడిగాడు.
ఏడాదికి నూట నలభై పౌన్లు
నేనే ఎదురు కడుతున్నానన్నాను.
పెన్ను మూత పెట్టేశాడు.

అందుకే నీకు విడిగా రాస్తున్నా.
ఫెర్రీ ఇంజన్ల మసి చేతులతోనే చదువు, పరవాలేదు.

కాగితం టీ డబ్బా అడుగున ఉంది,
కొత్తది కాదు, సొట్టపడ్డ డబ్బా.
తల్లి పుట్టింటి పేరేమిటని అడుగుతుంది.
నిజం చెప్పకు.
నిజమంతా ఆ చెట్టుకే వేలాడుతోంది,
ఏ దొంగైనా కోసుకోవచ్చు.
"ఎండుచేప" అని కొట్టు, తలుపు తీస్తుంది.

నేను పోయానని బ్యాంకుకి తెలిసిన రోజే
కార్డు కూడా పోతుంది.
ఆపైన చెట్టుకి ఎన్నాళ్ళ గడువో
మూడుసార్లు ఫోన్ చేసి అడిగాను,
మూడుసార్లూ మూడు మాటలు.
కాబట్టి పువ్వులు తర్వాత,
ముందు ఈ పని చూడు.

ఎర్లెండ్‌కి మాత్రం ఇవ్వకు.
వాడొకసారి మనల్ని నార్వే రాజుకి అంటుకట్టాడు.
ఊడబెరకటానికి నాకు చలికాలమంతా పట్టింది.
మన ఇంటిపేరు నిజంగా ఇంటి పేరే,
ముందు పొలం, తర్వాతే మనుషులు.
రాజులకి అంత బురద ఉండదు.

ఇక అసలు సంగతి.
జేమ్స్ అని ఒకడున్నాడు, మా ముత్తాత అన్న.
స్ట్రామ్‌నెస్‌లో ఓడెక్కి
హడ్సన్ బే కంపెనీ తోళ్ళ కొలువుకి పోయాడు.
చర్చి పుస్తకం అక్కడితో నోరు మూసుకుంది.
నేను వాడి కింద "సంతానం లేదు" అని రాశాను.
ఎలా తెలుసని
ముప్పయ్యేళ్ళు నన్నెవరూ అడగలేదు.

తర్వాత ఆ గొట్టంలో ఉమ్మి పంపాను కదా,
మానిటోబా నుంచి ఒకామె రాసింది.
డెల్ఫీన్, క్రీ జాతి మనిషి.
చివర సంతకం చూసి కళ్ళజోడు తుడుచుకున్నాను:
ఇజ్బిస్టర్.
ఆస్తులేమీ అడగలేదు.
"ఈ పేరుకి మీ దగ్గర అర్థం ఏమైనా ఉందా?
ఇక్కడ ఎవరికీ తెలీదు" అంది.

పద్నాలుగు నెలలు జవాబు రాయలేదు.
గుండె బాగోలేదని, చూపు ఆనడం లేదని
నాకు నేనే చెప్పుకున్నాను.
అదేం కాదు.
రాయాలంటే ముందు ఆ రెండు మాటలు చెరపాలి,
నా చేత్తో రాసినవి.

నిన్న రాత్రి చెరిపాను.
ఓడెక్కి పోయినవాడికి ఊరూ పేరూ ఉన్నాయి.
వాడితో అన్నేళ్ళ చలి కాచుకున్న మనిషికి
నేనొక ఖాళీ గడి మాత్రం గీయగలిగాను.
దాన్ని నువ్వు నింపకు.
"తెలియదు" అని కూడా రాయకు,
మనకి తెలియదు, అంతే.
వాళ్ళకి తెలిసి ఉండొచ్చు.
డెల్ఫీన్‌కి కూడా ఒక తాళంచెవి ఇచ్చాను,
మీరిద్దరూ పోట్లాడుకుంటే నాకిష్టమే.
పొలం ఫోటో ఒకటి తీసి పంపు,
వాన రోజున తీయి, అబద్ధం ఉండదు.

బతికున్నవాళ్ళ పేర్లు ఆ చెట్టులో కనపడవు.
ఇప్పటికి నేనొక బూడిదరంగు చతురస్రాన్ని.
తేదీ నువ్వు వేస్తేనే
మీనా అని బయటికొస్తాను.
వేసేటప్పుడు
ఆ పూట గాలి ఎటునుంచి వీచిందో కూడా రాయి.
దానికి గడి లేదు.
కింద ఎక్కడైనా ఇరికించు.