శుక్రవారం దాకా

సోమవారం. ఇంకా నాలుగు రోజులుంది.
జిలీబ్‌లో మా గది మీదుగా
పావుగంటకొక విమానం కడుపు రాసుకుంటా పోతాది,
రేకు డబ్బాలో బియ్యం కూడా వణుకుతాయి.
అయినా మేం ఎదురుచూసేది
ఎనభై ఏండ్ల కిందట ఎగిరినవాటి కోసం.

ట్రైలరు రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
ఎన్నిసార్లు చూసినామో
పెంచలయ్య ఫోను అద్దం మీది వేలిముద్రలే చెప్పాల.
పదిమంది పిల్లకాయలు, తోలుకోట్లు,
మూతికి రబ్బరు తొడుగులు,
ఒకడు ఉత్తరం మడిచి బూటులో దోపుకుంటాడు.
అంతే, మబ్బు. మబ్బులో అక్కడక్కడా నల్లగా విచ్చుకునే పొగ.
తర్వాత తెల్ల అక్షరాల్లో తేదీ.
ఆ తేదీని క్యాలెండర్లో చుట్టింది చాంద్ బాషా,
జీతం రోజును కూడా ఇంత ఎర్రగా ఎప్పుడూ చుట్టలేదు.

తలా ముప్పావు దీనారు వేసుకున్నాం.
చాంద్ బాషా ఏసీ మెకానిక్కు, ఆయన సందేహం ఒకటే:
మైనస్ నలభైలో, చేతులకు తొడుగులతో
వాళ్ళు మరలెట్లా తిప్పినారని.
పెంచలయ్యకు చప్పుడు కావాల.
మాలియాలో దోస్తునడిగి స్పీకరు తెచ్చినాడు,
కుక్కరంత ఉంది, నీలం లైటుతో.

నాకేం కావాల్నో చెబితే నవ్వుతారని చెప్పలేదు.
నలభై ఎనిమిదో సెకనులో, తెర అంచున
ఒకడున్నాడు, గ్రీసు బట్టలోడు, పేరు లేనోడు.
తల పైకెత్తి, వేళ్ళు మడుస్తా
తిరిగొచ్చిన విమానాలు లెక్కబెడుతుంటాడు.
ఐదో వేలు మడవకముందే బొమ్మ మారిపోతాది.

నేను ఎయిర్‌పోర్టులో సామాను ఎత్తేవాణ్ణి.
విమానంలో నాకు బాగా తెలిసింది దాని కడుపే.
మోకాళ్ళ మీద పాకుతా నింపుతా:
తాళ్ళు కట్టిన పెట్టెలు, దుప్పట్లు, పాలపొడి డబ్బాలు,
ఒక్కోసారి చెక్కపెట్టెలో మనిషి,
పేరు కింద కిలోల్లో బరువు రాసి.
నేను నింపింది నిండుగా దిగాల.
వాడు నింపింది ఖాళీగా తిరిగి రావాల.
వంగే నడుము మాత్రం ఒకటే.
ఆ ఐదో వేలు సంగతి నాకు తేలాల.
శుక్రవారం రాత్రి డ్యూటీ గురుంగ్‌కి ఇచ్చి
వాని మిట్టమధ్యాన్నం డ్యూటీలు రెండు తీసుకున్నా.

దస్తగిరి మామ డబ్బులిచ్చి ఊరుకున్నాడు.
బేకరీ నుంచి వస్తాడు, కనుబొమ్మల్లో పిండి,
మిగిలిన రొట్టెలు గుడ్డలో.
"ఏం తిని ఎక్కినారంట వాళ్ళు?" అనడిగినాడొకసారి.
గుడ్లు, అన్నా, యాడనో చదివి.
ఎగిరే రోజు మాత్రం నిజం గుడ్లు, కడమ రోజులు పొడి.
"ఊ" అన్నాడు.

బుధవారం రాత్రి చెప్పినాడు, ఎర్రగడ్డలు తరుగుతా.
తొంభై ఒకటి, జనవరి. అప్పుడాయనకు ఇరవై మూడు.
పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, కఫీల్ యాడున్నాడో.
బేకరీ కింద పిండి మూటల సందున పడుకోని
పైన పోయేవి లెక్కబెట్టినాడంట.
పోయేటప్పుడు ఎన్ని, వచ్చేటప్పుడు ఎన్ని.
"తగ్గితే సంతోషపడాల్నో ఏడవాల్నో తెలిసేది కాదురా.
మనల్ని ఇడిపించనీకే వచ్చినోళ్ళంట.
పడినప్పుడల్లా మూటలు దులుపుకొనేవి,
పొద్దునకి నేను కూడా రొట్టెకి తయారు."

అది వేరే యుద్ధం మామా, వేరే విమానాలు, అన్నాడు పెంచలయ్య.

"కిందున్నోనికి అన్నీ ఒకటే, మొగం ఉండదు దానికి.
ఈసారన్నా చూద్దామని, లోపల ఎవరుండారో."
తరిగినవి పక్కకు జరిపి
స్పీకరు దిక్కు చూసినాడు.
"అదొక్కటీ పెట్టకుండా చూడొచ్చునా?"

పెంచలయ్య ఏమీ అనలేదు.
వైరు పీకి వేలికి చుట్టినాడు, విప్పినాడు,
మళ్ళీ చుట్టినాడు.

ఇప్పుడు గురువారం, రాత్రి రెండు దాటింది.
ఎనిమిది మంచాలు, నిద్ర ఎవరికీ లేదు, ఒప్పుకునేవాడూ లేడు.
మంచం కింద స్పీకరు,
చార్జింగు మిగిలినట్టుంది, నీలం లైటు మినుకుతానే ఉంది.
కొచ్చి విమానం దిగింది.
తర్వాత ఇంకోటి, బరువుగా.
ఆ కాస్త వెలుగులో, దుప్పటి మీద
దస్తగిరి మామ చెయ్యి కనబడింది.
నాలుగు వేళ్ళు మడిచి ఉన్నాయి,
కన్ను కిటికీ మీద.