కుందేళ్ళ పద్దు

హ్రోద్నాలో, మా మూడో అంతస్తు వంటింట్లోకి
ఆ ఏడు డబ్బంతా అడవిలోంచే వచ్చింది.
రూబులు నోటు మీద కుందేలు, పరుగు మీదుంది.
మూడు మీద బీవర్లు. ఐదు మీద తోడేళ్ళు.
పదికి లింక్స్, పాతికకు దుప్పి, యాభైకి ఎలుగు.
వందకు అడవిదున్న,
నోట్లో పట్టక మూపు వంచుకుని నిలబడినట్టు.

నాకు ఆరేళ్ళు. అంకెల కన్నా ముందు
జంతువులు చదవడం వచ్చింది.
"ఎంతయింది?" అని అమ్మ అడిగితే
"రొట్టెకు మూడు కుందేళ్ళు, పాలకో తోడేలు" అనేదాన్ని.
వరసలో నిలబడ్డ వాళ్ళు నవ్వేవాళ్ళు.
కొట్లో హనరాత మాత్రం నవ్వేది కాదు,
ఆమె కూడా అలాగే లెక్కపెట్టేది.

ఒకరోజు ఆమే చెప్పింది:
కుందేలు మీద ఒకటనే ఉంటుంది, పదనుకోవాలి.
మరి సున్నా ఏదీ?
నోటును కిటికీకి ఆనించి వెతికాను.
చెవుల వెనక లేదు. తోక కింద లేదు.
అప్పుడు తట్టింది నాకు,
కడుపులో ఉంది.
గుండ్రంగా, ఇంకా పుట్టకుండా.

డబ్బు పిల్లలు పెడుతుందని బామ్మే కదా అంది,
పొదుపు పుస్తకం తెరిచి వడ్డీ గడి చూపిస్తూ!
యాద్విగా బామ్మ, రైల్వే క్యాంటీన్లో
ముప్పై ఒక్క ఏళ్ళు పళ్ళేలు కడిగి
తన చావు కోసం కూడబెట్టింది:
పెట్టెకింత, ఫాదర్‌కింత,
మోసే ఆరుగురికి వోద్కా, వేడి వేడి సూపు.
ఆ శీతాకాలం అదంతా తీస్తే
ఒక జత బూట్లు వచ్చాయి.
వాటిలో ఎడమదానికి లేసు లేదు.

"ఎవరు తినేశారు?" అన్నాను.
"తోడేలు" అన్నాడు వితోల్డ్ మామయ్య
సిగరెట్టు ఆర్పుతూ.

ఇక ఆ రాత్రి నిద్రెక్కడ?
టీ డబ్బా దించి, మందలన్నీ విడదీశాను.
తోడేళ్ళు ఖాళీ ఆవాల సీసాలో, మూత బిగించి.
కుందేళ్ళు నా దిండు కింద, క్యాబేజీ ఆకు పరిచి.
బీవర్లకు పళ్ళున్నా బుద్ధిమంతులే,
వాటినీ అక్కడే ఉంచాను.
గుమ్మం దగ్గర అడవిదున్న కాపలా.

తెల్లారేసరికి కుందేళ్ళన్నీ తడిసి ముద్ద.
అమ్మ తిట్టలేదు. ఇస్త్రీపెట్టె వేడిచేసి
ఒక్కోదాన్నీ బల్ల మీద పరిచి రుద్దింది.
"కాలుతుందమ్మా, కాలుతుంది!" అని నేనేడుస్తుంటే
అమ్మ భుజాలు కదిలాయి.
నవ్వుకో, ఏడుపుకో,
వెనక నుంచి తెలియలేదు.
ఆ నెల మిల్లులో జీతానికి బదులు
దారపు కండెలిచ్చారు అమ్మకి. నలభై. అన్నీ ఆకుపచ్చవే.
ఉచ్చులు పన్నడానికే అనుకున్నాను,
తప్పిపోయినవాటిని పట్టి తేవాలి కదా.

తర్వాత పెద్ద నోట్లు వచ్చాయి.
వాటి మీద మేడలు, చౌరస్తాలు.
ఒక్క జంతువూ లేదు.
అడవి కొట్టి ఊరు కట్టేశారనుకుని
రెండు రోజులు అన్నం మానేశాను.

ఇప్పుడు బ్రెస్ట్ స్టేషన్లో
నోట్లు మార్చే కిటికీ వెనక కూర్చుంటాను.
ద్రవ్యోల్బణం అన్న మాట చదువుకున్నాను, పరీక్షా రాశాను.
కడుపుతో ఉన్న కుందేలు కన్నా
అదేమైనా ఎక్కువ చెప్పిందా అంటే, ఏమో.

కానీ చెప్పాలనుకున్నది ఇది కాదు.
ఆ తెల్లవారే, ఇస్త్రీ ఆవిరి ఇంకా గదిలో ఉండగా
బామ్మ నన్ను పక్కకు పిలిచి
"ఆ తోడేళ్ళేవీ?" అంది.
సీసా ఇచ్చాను.
మూత తీసి, నోట్లు మడిచి
ఆప్రాన్ ఎడమ జేబులో వేసుకుంది.
పొదుపు పుస్తకం కుడి జేబులో.
వారమంతా అలాగే నడిచింది కొట్టుకి,
మంచు మీద చిన్న చిన్న అడుగులేస్తూ,
ఎడమ జేబును అరచేత్తో అదిమిపట్టి,
లోపల ఏదో కదులుతున్నట్టు.