గంపకెత్తు

మద్దిలపాలెంలో మేడ మీద గది.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్కచుక్కగా పడుతున్నాయి.
లక్షన్నర పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు
నూటికి పద్దెనిమిది పాళ్లు పనిచేసి
మిగతా ఎనభై రెండూ
చేతులు కట్టుకుని కూర్చుంటోంది.

మొదట దాన్నే తిట్టాను.
తర్వాత నెట్‌వర్కుని తిట్టి రెండు పొరలు కోసేశాను.
ఒక రాత్రంతా మేలుకుని కొలిస్తే తేలింది:
బొమ్మల గుంపు చేతికొస్తే దానికి లెక్క పావు సెకను,
ఆ గుంపు రావడానికే సెకను పైన.

మూడు లక్షల చేపల ఫోటోలు,
మూడు లక్షల బుల్లి ఫైళ్లు.
ఒక్కోదాన్నీ వెతికి, తెరిచి, విప్పి,
నాలుగు వేల చుక్కల వెడల్పుని
రెండొందల ఇరవై నాలుగుకి నొక్కి,
మూసి, మళ్లీ ఇంకోదానికి...
పాత హార్డ్ డిస్కు లోపలి ముల్లు
గీరుకుంటూ తిరిగే చప్పుడు
నిద్రలో కూడా వినిపించేది నాకు.

ఇంకొన్ని సావడాయిల ఫోటోలు కావాలని
చీకటుండగానే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను.
యారాడ కొండ మీద దీపం ఇంకా తిరుగుతోంది.
బోటు గోడకి ఆనిందో లేదో
అడుగు గదిలోంచి ఒకడు ఐసుతో సహా తోడుతున్నాడు,
పైవాడి చేతిలో గంప ఉండగానే
కిందవాడి గంప నిండుతోంది.
బల్ల మీద ఆడవాళ్లు నడుస్తూనే ఉన్నారు.
వేలంపాట పాడే ముసలాయన
ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు.

"ఏటలా సూత్తన్నావు తల్లీ?" అంది వాసుపల్లి కాసులమ్మ.
నా గోడు చెప్పాను, ఆమెకి తెలిసే మాటల్లో,
నాకే సరిగ్గా తెలియని మాటల్లో.
ఆమె నవ్వలేదు. చుట్టకుదురు సర్దుకుంది.
"ఒక్కో నెత్తల్లి కోసం ఒక్కోపాలి
బోటెక్కి దిగుతావేటి?
గంపకెత్తు."

ఆ మధ్యాహ్నమే బొమ్మలన్నీ ముందుగా చిన్నవి చేశాను.
వెయ్యేసి కలిపి మూటలు కట్టాను.
మూటల్ని కొత్త ఎస్సెస్డీలోకి దించాను.
కార్డు ఒక గుంపుని నములుతుండగా
తర్వాతది గుమ్మంలో నిలబడేలా
ఎనిమిది మంది కూలీల్ని పెట్టాను,
పేర్లు లేని, జీతం అడగని కూలీలు.
అత్యాశకి పదహారు మందిని పెట్టి చూశాను:
సన్నబల్ల మీద గంపా గంపా గుద్దుకున్నట్టు
అంతా నెమ్మదించింది.
మళ్లీ ఎనిమిదే.

కార్డు తొంభై ఆరుకెక్కింది.
ఫ్యాను గొంతు మారింది.
తొమ్మిది రోజుల చదువు
రెండు రోజులు నిండకుండా ముగిసింది.

ముగిశాక అడిగాను, ఇదేం చేప?
కవళ్లు, అంది.
ఇది?
కవళ్లు.
మూరెడు పండుగప్పని చూపించినా
కవళ్లే.

తవ్వితే దొరికింది:
మూటలు బోటు వారీగా కట్టేశాను,
తొందరలో కలపడం మరిచాను.
చివర తిన్న మూటల నిండా కవళ్లు,
ఇక సముద్రమంతా దానికి అదే పేరు.
వేగం వల్ల దక్కింది ఇదొక్కటి:
తప్పు తాజాగా ఉండగానే దొరికింది.

పేకల్లా కలిపి, మళ్లీ కట్టి,
మళ్లీ చదివించి, ఫోనులో పెట్టుకుని
ఆదివారం కాసులమ్మ గంప ముందు కూర్చున్నాను.
పెద్ద చేప మీద ఫోను పట్టాను.
వంజరం, తొంభై నాలుగు పాళ్లు, అంది ఫోను.
"అది నా మనవరాలూ సెప్పుద్ది.
నిన్నటిదా, ఇయ్యాల్టిదా?"

ఫోను ఏమీ అనలేదు.
ఆమె బొటనవేలితో మొప్ప ఎత్తింది.
లోపల తడి ఎరుపు.
మూడు లక్షల ఫోటోల్లో
ఒక్కదాంట్లోనూ మొప్ప తెరిచి లేదు.

"అలాగే పట్టుకో," అన్నాను,
కెమెరా వెతుక్కుంటూ.