తొంభై ఆరు బొమ్మలు

ఆఖరున వచ్చింది కానీ ఆఖరిది కాదు,
కథలో దీని చోటు నడిమధ్య.
టికెట్ల కిటికీ దగ్గర పిల్లలు నాకు లెక్క చెబుతారు:
ముందు తీసినవి తర్వాతి కథ,
తర్వాత తీసినవి ముందు కథ.
సరేనయ్యా, నాకు తెలిసింది రీళ్ళ లెక్క ఒక్కటే.
ఏడు రీళ్ళు, రెండు రేకు పెట్టెలు,
అడిలైడ్ లారీలో, ఒంటినిండా ఎర్ర దుమ్ముతో.

ముగింపు అందరికీ తెలుసు.
ఇరవై ఏళ్ళ కిందట ఇదే తెర మీద
సూర్యుళ్ళను ఆర్పుకుంటూ పోయే ముసలి రాణిని చూసి
కుర్చీల కింద దాక్కున్నవాళ్ళే
ఇప్పుడు పిల్లల్ని చంకనేసుకొచ్చారు.
ఇందులో రాణికి పంతొమ్మిదేళ్ళు.
చెల్లెలికి జడ అల్లుతుంది, శ్రుతి తప్పి పాడుతుంది.
ఆమె ఆర్పబోయే మొదటి సూర్యుడు
సొంత ఊరి సూర్యుడే.
తెలిసీ, ప్రతి ఆటకీ చీకట్లోంచి
ఎవడో ఒక కుర్రాడు అరుస్తాడు: "వద్దు, చెయ్యి తియ్యి!"
ఆమె ఒక్కసారీ తియ్యలేదు.

ఆ ఊరు మా ఊరే.
బ్రోకెన్ హిల్ దాటి నలభై మైళ్ళు,
గని తవ్విపోసిన బూడిదరంగు దిబ్బల మీద
సినిమావాళ్ళు ప్లాస్టిక్ గోపురాలు నిలబెట్టారు.
రోజుకి తొంభై డాలర్లు, మధ్యాహ్నం గొర్రెమాంసం రొట్టె.
గని మూతపడ్డ ఏడాది; ఎవరు కాదంటారు?
రొట్టెల కొట్టు మేవిస్ మంత్రిగారి అత్తయింది.
ఫుట్‌బాల్ జట్టంతా నీలిరంగు పూసుకుని కోటకి కాపలా కాసింది.
క్లారీ ట్రెవెనాకి మాత్రం ఏ రంగూ పుయ్యలేదు.
"మీ మొహం ఇలాగే వేరే గ్రహంలా ఉంది" అన్నారట.
ముప్పై నాలుగేళ్ళు సీసం గనిలో దిగిన మొహం.
అతని పని: బకెట్ దించాలి,
నడుం పట్టుకోవాలి, ఆకాశం చూడాలి.
నాలుగు సెకన్లు.

సినిమా వచ్చేసరికి క్లారీ లేడు.
వెర్నా ఉంది. ప్రతి రాత్రీ వస్తుంది,
వెనక వరస, చివరి కుర్చీ, ఒళ్ళో చేతిసంచి.
మూడో రీలు సగంలో
క్లారీ బకెట్ దించుతాడు.
నడుం పట్టుకుంటాడు.
("అది నటన కాదు" అందొకసారి నాతో.)
చూస్తాడు.
అంతే, లేచి వెళ్ళిపోతుంది.
సూర్యుడు ఆరేది ఆరో రీల్లో.
ఆమె లెక్కన ఇది చావుల సినిమానే కాదు:
ఒక మనిషి పని ఆపి
వాన పడుతుందేమోనని పైకి చూశాడు.

ఆఖరి ఆట రోజు ఎందుకో లేవలేదు.
నా గది కంతలోంచి చూస్తున్నాను.
రాణి చెయ్యెత్తింది. కుర్రాడు అరిచాడు.
తెర నల్లబడింది.
నా దీపం ఆరలేదు, ఎప్పుడూ ఆరదు;
దాని ముందునుంచి నల్ల ఫిల్ము నడుస్తుంది, అంతే.
ఆ సంగతి కింద కూర్చున్నవాళ్ళకెలా తెలుస్తుంది?

మెట్ల దగ్గర నిలబడి అడిగింది:
"అందరూనా?"
"కథ అలా ఉంది" అన్నాను.
నోట్లోంచి అదే వచ్చింది.

రాత్రి రీళ్ళు విప్పుతూ మూడో దాని దగ్గర ఆగాను.
నేనీ పని ఎన్నడూ చెయ్యలేదు.
కత్తెర. టేపు. తొంభై ఆరు బొమ్మలు.
కంపెనీవాళ్ళు అడిగితే
ఎండకి తెగిందని చెప్పొచ్చు, ఎండ సాక్ష్యానికి రాదు.

బిస్కెట్ డబ్బాలో చుట్టి ఇచ్చాను.
వంటింటి కిటికీకెత్తి పట్టుకుంది:
గోరంత క్లారీలు, ఒకడి కింద ఒకడు.
"చాల్లే, కూర్చో" అంది వాళ్ళతో.

పెట్టెలు ఈపాటికి పోర్ట్ పిరీ చేరుంటాయి.
అక్కడా ఆమె చెయ్యి తియ్యదు,
అక్కడా సూర్యుడు ఆరిపోతాడు,
లోకం మొత్తం పోతుంది, ఒక్కడు తక్కువగా.
ఫిల్ము మీద శబ్దం
బొమ్మకన్నా సెకను ముందు నడుస్తుంది.
అందుకని బకెట్ చప్పుడు నా కత్తెరకి దొరకలేదు.
ఖాళీ వీధిలో ఠప్పుమంటుంది.
ఎవరో ఇప్పుడే దించి వెళ్ళినట్టు.